వోర్మ్స్ యూదుల సమాధుల తోట ‘హైలిగర్ జాండ్’: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్, హైడెల్‌బర్గ్ చుట్టుపక్కల చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువాళ్ళు బోలెడుమంది. వీకెండ్‌లో వోర్మ్స్ వచ్చి పెద్ద చర్చి చూసి, లూథర్ విగ్రహాల దగ్గర ఫోటోలు దిగి, సాయంత్రం రైలెక్కేస్తుంటారు. ఆ చర్చికి కొద్దిపాటి నడక దూరంలోనే ఉన్న ఈ సమాధుల తోట గురించి ఎక్కువగా వచ్చే ప్రశ్నలు, జవాబులు ఇవి.

వోర్మ్స్ ఎక్కడుంది? పేరు ఎక్కడో విన్నట్టుంది.

జర్మనీ నైరుతి భాగంలో, రైన్ నది ఎడమ గట్టున ఉన్న మధ్యస్థమైన ఊరు. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్ళు ఈ పేరు వినే ఉంటారు. 1521లో మార్టిన్ లూథర్‌ని చక్రవర్తి సభ ముందు నిలబెట్టి, రాసినవన్నీ వెనక్కి తీసుకోమని అడిగింది ఈ ఊళ్ళోనే. ఆయన వచ్చేనాటికే ఇక్కడి యూదుల సమాధుల్లో కొన్నిటికి 450 ఏళ్ళు దాటాయి.

‘హైలిగర్ జాండ్’ అంటే ఏమిటి?

పవిత్రమైన ఇసుక అని. జెరూసలేం నుంచి మట్టి తెచ్చి ఇక్కడ పరిచారని ఒక కథ చాలాకాలంగా చెప్పుకుంటున్నారు. ఆ నేల సహజంగానే ఇసుక నేల, పేరు అందుకే వచ్చి ఉంటుంది. అయినా ఆ కథ ఊరికే పుట్టలేదు. ఇక్కడి యూదులు తమ ఊరిని జెరూసలేంకి తోబుట్టువులా చూసుకున్నారు. అలాంటివాళ్ళకి కాళ్ళ కింది ఇసుక కూడా అక్కడిదే అనిపించడంలో వింతేముంది?

ఎంత పాతది?

గుర్తించిన రాళ్ళలో పాతది 1058–59 నాటిది. దాని తర్వాత ఎక్కువగా ప్రస్తావనకి వచ్చేది 1076–77 నాటి యాకోబ్ అనే అతని రాయి. ఇప్పుడు మనం చూసే వోర్మ్స్ పెద్ద చర్చి కట్టడంలో ఎక్కువ భాగం 12వ శతాబ్దంలో లేచింది. అంటే ఆ గోపురాల కంటే ఈ రాళ్ళే ముందున్నాయి.

రెండేళ్ళు కలిపి రాయడం చూసి కన్‌ఫ్యూజ్ అవకండి. యూదుల సంవత్సరం శరదృతువులో మొదలవుతుంది కాబట్టి వాళ్ళ ఒక ఏడాది మన క్యాలెండర్‌లో రెండేళ్ళ మీద పడుతుంది. హీబ్రూ లెక్కలో 4837 అంటే మనకి 1076 శరత్తు నుంచి 1077 శరత్తు దాకా. నెల తెలియకపోతే రెండూ రాయక తప్పదు.

మొత్తం స్థలం సుమారు 1.6 హెక్టార్లు, అంటే 4 ఎకరాలు. రాళ్ళు దాదాపు 2,500. పల్లంలో ఉన్నది పాత భాగం, మెరక మీద ఉన్నది తర్వాత చేరింది. 1911లో ఊరికి కొత్త యూదుల సమాధుల తోట ఏర్పడ్డాక ఇక్కడ ఖననాలు ఆగాయి. ముందే కుటుంబానికి చోటు ఉంచుకున్న కొందరిని మాత్రం 1930లలో కూడా ఇక్కడే పూడ్చారు.

యూరప్‌లోనే అత్యంత పాతది అంటారు. నిజమేనా?

ఎలా లెక్కపెడతారన్న దాన్ని బట్టి. రోమ్ నగరం అడుగున ఉన్న యూదుల భూగర్భ సమాధులు దీనికంటే ఎన్నో శతాబ్దాలు పాతవి. అంత దూరం ఎందుకు, పొరుగున ఉన్న మైంట్స్‌లో 1049 నాటి యూదు సమాధి రాయి ఉంది, అది వోర్మ్స్ రాళ్ళ కంటే ముందుది. కానీ మైంట్స్ రాయి దాన్ని పాతిన చోట లేదు. ఎక్కడో గోడలోకో పునాదిలోకో పోయి, తర్వాత బయటపడి, ఇంకో చోట నిలబెట్టినది.

వోర్మ్స్ గొప్పతనం వయసులో లేదు. పెట్టిన చోట పెట్టినట్టు ఉండటంలో ఉంది. ఆకాశం కింద, అదే నేల మీద, ఎవరి తలాపున పెట్టారో వాళ్ళ తలాపునే వెయ్యేళ్ళుగా నిలబడ్డ యూదుల రాళ్ళు యూరప్‌లో ఇంత పాతవి ఇంకెక్కడా ఇన్ని లేవు. టూరిస్టు బోర్డులు ‘అత్యంత ప్రాచీన’ అని పెద్దక్షరాల్లో రాసేస్తాయి గానీ, అసలు సంగతి ఇదీ.

సమాధులు అంతకాలం ఉండటం మామూలే కదా, అందులో విశేషమేముంది?

జర్మనీలో మామూలు కాదు. అక్కడి సాధారణ శ్మశానాల్లో సమాధి స్థలం అద్దెకిస్తారు. ఎక్కువ చోట్ల 20 నుంచి 30 ఏళ్ళు. గడువు అయ్యాక కుటుంబం మళ్ళీ డబ్బు కట్టకపోతే రాయి తీసేసి ఆ చోటు ఇంకొకరికి ఇస్తారు. మొదటిసారి విన్న మనవాళ్ళు నమ్మరు, కానీ నిజం.

యూదుల పద్ధతి వేరు. ఒకసారి పూడ్చిన నేల ఆ చనిపోయిన మనిషిదే, శాశ్వతంగా. కుటుంబం ఉన్నా లేకపోయినా, చూసేవాళ్ళు ఉన్నా లేకపోయినా సమాధిని కదిలించకూడదు, దాని మీద ఇంకో కట్టడం రాకూడదు. అందుకే యూదు సమాజాలు శ్మశాన స్థలాన్ని వీలైతే కొనుక్కునేవి. కొననివ్వని చోట ఏటేటా పాలకుడికి పన్నులు కట్టుకుంటూ నిలుపుకొనేవి. పోయినవాళ్ళ కోసం బతికున్నవాళ్ళు అలా కడుతూనే ఉండాలి. ఊళ్ళో ఆ బతికున్నవాళ్ళు లేకుండా పోయిన రోజున పోయినవాళ్ళకీ దిక్కు ఉండదు. మిగతా ఊళ్ళలో జరిగింది అదే.

మిగతా ఊళ్ళలో ఏం జరిగింది?

మైంట్స్ నుంచి 1438లో యూదుల్ని వెళ్ళగొట్టారు. వాళ్ళ సమాధి రాళ్ళని పీకి కట్టడాలకి వాడుకున్నారు. చక్కగా చెక్కిన ఇసుకరాయి ఊరికే దొరుకుతుంటే ఎవరు వదులుతారు! తర్వాతి కాలంలో తవ్వకాల్లో, పాత కట్టడాలు కూల్చినప్పుడు ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటిని 1926లో మైంట్స్ రబ్బీ (యూదుల మతగురువు) సాలీ లెవీ పాత శ్మశానం నేల మీదే ఒక స్మారక స్థలంగా నిలబెట్టించారు.

రేగెన్స్‌బుర్గ్‌లో 1519లో వెళ్ళగొట్టినప్పుడు సినగాగ్‌ని (యూదుల ప్రార్థనా మందిరాన్ని), శ్మశానాన్ని ధ్వంసం చేశారు. కొన్ని రాళ్ళని విజయ చిహ్నాల్లా ఇళ్ళ గోడల్లో పెట్టుకున్నారు. ఇప్పటికీ అక్కడ గోడల్లో హీబ్రూ అక్షరాలు కనిపిస్తాయి.

వ్యుర్ట్స్‌బుర్గ్ కథ ఇంకా పెద్దది. 1987లో ఒక పాత కట్టడం కూలుస్తుంటే గోడల నిండా సమాధి రాళ్ళే. ముక్కలతో కలిపి దాదాపు 1,500 దాకా తేలాయి. 12వ శతాబ్దం నుంచి 14వ శతాబ్దం మధ్యవి. మధ్యయుగపు ఒకే శ్మశానం నుంచి అన్ని రాళ్ళు దొరకడం చరిత్రకారులకి పండగే. కానీ వాటిలో ఒక్కటి కూడా దాని మనిషి దగ్గర లేదు.

మరి వోర్మ్స్‌లో మాత్రం ఎలా మిగిలింది?

ఇక్కడి యూదులకి ఏ కష్టమూ రాలేదు కాబట్టి అనుకుంటే పొరపాటు. 1096 మే నెలలో మొదటి క్రూసేడ్‌కి (జెరూసలేం కోసం క్రైస్తవులు చేసిన యుద్ధానికి) బయల్దేరిన మూకలు ఈ ఊరి యూదుల్ని వందల సంఖ్యలో చంపాయి. 1349లో ప్లేగు మహమ్మారికి యూదులే కారణమని పుకారు లేచి మళ్ళీ మారణకాండ జరిగింది. 1615లో ఊరి వృత్తి సంఘాలవాళ్ళు తిరగబడి యూదులందర్నీ తరిమేశారు. 1689లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ సైన్యం ఊరు ఊరంతా తగలబెట్టింది. అప్పుడు క్రైస్తవులూ యూదులూ అందరూ చెల్లాచెదురయ్యారు.

తేడా ఏమిటంటే, ప్రతిసారీ తిరిగి వచ్చారు. 1096 తర్వాత వచ్చారు, 1349 తర్వాత కొన్నేళ్ళకే వచ్చారు, 1615లో తరిమితే మరుసటి ఏడాదే పై అధికారుల అండతో వచ్చారు, 1689 తర్వాత పదేళ్ళకి వచ్చారు. పెద్ద జర్మన్ నగరాల్లో ఇలా యూదులు శాశ్వతంగా ఖాళీ కాకుండా ఉన్నవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఫ్రాంక్‌ఫర్ట్ ఒకటి, వోర్మ్స్ ఒకటి. చక్రవర్తులకి వాళ్ళ నుంచి వచ్చే పన్నులు కావాలి. 1074లోనే, తర్వాత చక్రవర్తి అయిన రాజు నాలుగో హెన్రీ వోర్మ్స్ వాళ్ళకి సుంకాల మినహాయింపు ఇచ్చిన పత్రంలో ‘యూదులు, మిగతా వోర్మ్స్ వాసులు’ అని యూదుల పేరే ముందు రాయించాడు. కాబట్టి ఈ రాళ్ళు మిగలడంలో దయ పాలు తక్కువ, లెక్కల పాలు ఎక్కువ అని నా అభిప్రాయం. దానికి తోడు ఇక్కడి యూదుల మొండితనం.

రబ్బీ మేయిర్ సమాధి దగ్గర ఎప్పుడూ జనం ఉంటారట, ఎవరాయన?

గేటు లోపలికి వెళ్ళగానే కొద్ది దూరంలో పక్కపక్కన రెండు రాళ్ళు కనిపిస్తాయి. పైన గులకరాళ్ళు పేర్చి ఉంటాయి, సందుల్లో మడతపెట్టిన చీటీలు దోపి ఉంటాయి. ఒకటి రోతెన్‌బుర్గ్ రబ్బీ మేయిర్ బెన్ బారూఖ్‌ది. 13వ శతాబ్దపు జర్మన్ యూదులకి ఆయన మాటే తీర్పు. వోర్మ్స్‌లోనే పుట్టాడు. పెళ్ళి తగాదాల నుంచి అప్పుల లెక్కల దాకా ఎక్కడెక్కడి యూదులో ఉత్తరాలు రాసి అడిగితే ధర్మశాస్త్రం ప్రకారం జవాబులు రాసేవాడు. వాటిలో వందలు ఈనాటికీ ఉన్నాయి.

హాబ్స్‌బుర్గ్ రాజు రుడాల్ఫ్ కాలంలో యూదుల మీద పన్నుల ఒత్తిడి పెరిగింది. యూదులు రాజుగారి ఖజానా సొత్తు అనేది అప్పటి వాదన. చాలా కుటుంబాలు దేశం విడిచి పోవడం మొదలుపెట్టాయి. 1286లో మేయిర్ కూడా కుటుంబంతో పవిత్ర భూమికి బయల్దేరి ఇటలీ ఉత్తర భాగం దాకా చేరాడు. అక్కడ, క్రైస్తవం పుచ్చుకున్న ఒక యూదుడు ఆయన్ని గుర్తుపట్టి చెప్పేశాడంటారు. పట్టుకుని రాజుకి అప్పగించారు. ఆల్సాస్‌లోని ఎన్సిస్‌హైమ్ కోటలో పెట్టారు.

సమాజం పెద్ద మొత్తం పోగుచేసి విడిపించడానికి సిద్ధమైంది. ఆయనే వద్దన్నాడని సంప్రదాయం చెబుతుంది. బందీని విడిపించడానికి మితిమీరిన సొమ్ము ఇవ్వకూడదని యూదుల ధర్మశాస్త్రంలో పాత నియమం ఉంది. ఒకసారి ఇస్తే రేపు ప్రతి ఊళ్ళోనూ రబ్బీలని పట్టుకుంటారు. ఆ నియమాన్ని ఆయన తన ప్రాణం మీదికి వచ్చినప్పుడు కూడా సడలించలేదు. 1293లో ఆ బందీగానే చనిపోయాడు.

అక్కడితో అయిపోలేదు. శవాన్ని కూడా ఇవ్వలేదు! డబ్బు కడితేనే ఇస్తామన్నారు. 14 ఏళ్ళు అలాగే గడిచాయి. చివరికి 1307లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి చెందిన అలెగ్జాండర్ బెన్ సలోమో వింప్‌ఫెన్ అనే ధనవంతుడు అడిగినంత కట్టి శరీరాన్ని విడిపించి, వోర్మ్స్ తెచ్చి అంత్యక్రియలు జరిపించాడు. బదులుగా ఆయన కోరింది ఒక్కటే, తను పోయాక రబ్బీ పక్కన చోటు. అదే ఏడాది ఆయనా చనిపోయాడు. ఆ రెండో రాయి ఆయనదే. ఈ తోటలో ఇంకేమీ చూడటానికి టైం లేకపోతే ఈ రెండు రాళ్ళ దగ్గర నిలబడి రండి, చాలు.

ఇంకా పేరున్నవాళ్ళు ఎవరున్నారు?

మహరిల్ అని పిలిచే మైంట్స్ రబ్బీ యాకోబ్ మోల్లిన్ 1427లో వోర్మ్స్‌లో చనిపోయి ఇక్కడే ఉన్నాడు. అష్కెనజీ యూదుల (జర్మనీ, తూర్పు యూరప్ మూలాలవాళ్ళ) పూజా విధానాల మీద ఆయన చెప్పిన పద్ధతులు ఈనాటికీ ప్రమాణం. ఇక్కడ రాళ్ళు చాలావరకు దక్షిణం వైపు తిరిగి ఉంటే, ఆయన రాయి మాత్రం జెరూసలేం దిక్కుకి, తూర్పుకి ఉంటుంది. ఆయన కోరిక మేరకే అలా పెట్టారంటారు. ధర్మశాస్త్ర పండితుడు యాయిర్ ఖయీమ్ బఖరాఖ్ (మరణం 1702) సమాధి కూడా ఇక్కడే ఉంది.

పండితులు సరే, రాళ్ళలో ఎక్కువ భాగం వ్యాపారులవి, గృహిణులవి, పెళ్ళికాని కుర్రాళ్ళవి. ఊరి మామూలు మనుషులు.

రాళ్ళ మీద ఏం రాసి ఉంటుంది?

మధ్యయుగపు రాళ్ళు చాలా సాదాగా ఉంటాయి. ఎర్రటి ఇసుకరాయి పలక, గీతలు గీసి వాటి వరసలో హీబ్రూ అక్షరాలు, అంతే. ఫలానావారి కొడుకు లేదా కూతురు ఫలానా, ఈ తేదీన పోయారు, ఈ రాయి వారి తలాపున నిలబెట్టాం అని ఉంటుంది. చివర ఒక ప్రార్థన. సంవత్సరం అంకెల్లో ఉండదు, అక్షరాల్లో ఉంటుంది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక విలువ. వేల స్థానాన్ని తరచుగా వదిలేస్తారు, చదివేవాళ్ళే కలుపుకోవాలి.

బొమ్మలు తర్వాతి శతాబ్దాల్లో వచ్చాయి. దీవిస్తున్న రెండు చేతులుంటే కోహెన్, అంటే పురోహిత వంశం. నీళ్ళ కూజా ఉంటే లేవీ వంశం, పురోహితుల చేతులు కడగడం వాళ్ళ విధి కాబట్టి. మెరక మీది భాగానికి వెళ్తే 19వ శతాబ్దం మొదలవుతుంది. అక్కడ జర్మన్ భాష, పాలరాయి, గోతిక్ తరహా శిఖరాలు. పొరుగు క్రైస్తవుల సమాధులకీ వీటికీ పెద్ద తేడా ఉండదు. తామూ జర్మన్లమే అని నమ్మిన తరం రాళ్ళవి. నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం అదే.

అన్నీ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయెందుకు? బాగుచేయరా?

ఇసుక నేల కుంగుతుంది, చెట్ల వేర్లు నెడతాయి. పడిపోయేలా ఉంటే ఆపుతారు. నిటారుగా నిలబెట్టే పని మాత్రం పెట్టుకోరు. సమాధిని కదపకపోవడమే వాళ్ళ సంరక్షణ.

మార్టిన్ బూబర్‌కి ఈ చోటుతో సంబంధమేమిటి?

యూదు తత్వవేత్త బూబర్ వోర్మ్స్‌కి దగ్గర్లోనే హెప్పెన్‌హైమ్‌లో ఉండేవాడు. 1933 జనవరి 14న, అంటే హిట్లర్ గద్దెనెక్కడానికి సరిగ్గా 16 రోజుల ముందు, స్టుట్‌గార్ట్‌లో కార్ల్ లూద్విగ్ ష్మిత్ అనే క్రైస్తవ వేదాంతితో బహిరంగ సంవాదంలో పాల్గొన్నాడు. యూదులతో దేవుడి ఒడంబడిక ముగిసిపోయిందన్న వాదనకి జవాబుగా ఈ తోటని గుర్తుచేశాడు. ఇక్కడ నిలబడి తలెత్తి చూస్తే చర్చి గోపురాలు ఎక్కడా లోపం లేని అందంతో కనిపిస్తాయి. కింద చూస్తే ఒరిగిన, విరిగిన, ఏ పొందికా లేని రాళ్ళు. తమకి మిగిలింది ఆ రాళ్ళూ వాటి కింది బూడిదే అయినా, ఒడంబడిక మాత్రం రద్దు కాలేదని ఆయన చెప్పాడు. రాళ్ళూ గోపురాలూ ఒకే చూపులో పడే ఆ చోటుకి ఇప్పుడు బూబర్ పేరే వాడతారు. చాలా ఫోటోలు అక్కడి నుంచి తీసినవే.

నాజీల కాలంలో ఏమైంది?

1938 నవంబర్‌లో వోర్మ్స్ సినగాగ్‌ని తగలబెట్టారు. 1034లో మొదటిసారి కట్టిన సినగాగ్ స్థలం అది. మిగిలిన గోడల్ని తర్వాత కూల్చేశారు. 1933లో ఊళ్ళో సుమారు 1,100 మంది యూదులుండేవారు. కొందరు దేశం విడిచి వెళ్ళగలిగారు. మిగిలినవాళ్ళని 1942 మార్చిలో, సెప్టెంబర్‌లో రైళ్ళలో తరలించారు. సమాధుల తోట మాత్రం పెద్ద విధ్వంసం లేకుండా బయటపడింది. యుద్ధం చివర్లో బాంబులు కొంత నష్టం చేశాయి.

వెయ్యేళ్ళలో ఎన్నిసార్లు తరిమినా తిరిగి వచ్చిన సమాజం ఈసారి రాలేదు. సినగాగ్‌ని పాత రాళ్ళు ఏరి 1961 నాటికి తిరిగి కట్టారు. అప్పటికి అందులో ప్రార్థించడానికి ఊళ్ళో యూదు సమాజమే లేదు.

ఇప్పుడు ఇది ఎవరిది?

మైంట్స్ కేంద్రంగా ఉన్న యూదు సమాజానిది. అంటే ఇది మ్యూజియం కాదు, ఒక మత సమాజానికి చెందిన శ్మశానం. 2021 జులైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ష్పైయర్, వోర్మ్స్, మైంట్స్ మూడు ఊళ్ళ యూదు కట్టడాల్ని కలిపి ‘షూమ్’ పేరుతో చేర్చారు. ఆ మూడు ఊళ్ళ హీబ్రూ పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చే మాట అది. జర్మనీలో యూదు వారసత్వానికి ఆ గుర్తింపు దక్కడం అదే మొదటిసారి.

మనం వెళ్ళొచ్చా? ఏమైనా పట్టింపులున్నాయా?

ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్ లేదు. శనివారాలు, యూదుల పండగ రోజులు మూసి ఉంటుంది. శని, ఆదివారాల ప్లాన్ వేసుకునేవాళ్ళు ఆదివారం పెట్టుకోండి. మగవాళ్ళు తల కప్పుకోవాలి, మామూలు క్యాప్ సరిపోతుంది. రాళ్ళని ముట్టుకోవద్దు, ఆనుకుని నిలబడొద్దు. ఇసుకరాయి పైపొర చేతి ఒరిపిడికే రాలిపోతుంది, దాంతోపాటు అక్షరాలూ పోతాయి. రబ్బీ మేయిర్ రాయి మీది చీటీలు ఎవరో మొక్కుకుని పెట్టినవి, విప్పి చదవొద్దు.

బయటికి వచ్చేటప్పుడు యూదులు చేతులు కడుక్కుంటారు. గేటు దగ్గర అందుకోసమే నీటి తొట్టి ఉంది. కోహెన్ వంశంవాళ్ళు అసలు శ్మశానంలో అడుగే పెట్టరు. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయందే ఇంట్లోకి రానివ్వని ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఇవేమీ వింతగా అనిపించవు.

పూలు తీసుకెళ్ళాలా?

అక్కర్లేదు. యూదుల ఆనవాయితీ చిన్న రాయి పెట్టడం. ఎందుకన్నదానికి రకరకాల వివరణలున్నాయి. ఎవరో వచ్చి వెళ్ళారన్న గుర్తు అన్నది ఎక్కువమంది చెప్పేది. మీరూ ఒక గులకరాయి పెట్టొచ్చు, ఎవరూ ఏమీ అనరు.

ఎలా వెళ్ళాలి? ఎంతసేపు పడుతుంది?

మాన్‌హైమ్ నుంచి లోకల్ రైలులో దాదాపు అరగంట లోపే. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అయితే ఒకచోట మారుతూ గంట, గంటంబావు. డాయిచ్‌లాండ్ టికెట్ ఉంటే విడిగా టికెట్ అక్కర్లేదు. స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. తోటకి ఒక గంట చాలు. సినగాగ్, దాని పక్కనే నేల లోపలికి మెట్లు దిగే 12వ శతాబ్దపు స్నాన ఘట్టం ఊరికి ఇంకో మూల ఉన్నాయి. వాటికి ఇంకో గంట వేసుకోండి.

హీబ్రూ రాదు. రాళ్ళ మీద ఉన్నది తెలుసుకునే దారి ఉందా?

ఉంది. జర్మనీలోని జాలమోన్ లూద్విగ్ ష్టైన్‌హైమ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ‘ఎపిడాట్’ పేరుతో యూదు సమాధి శాసనాల డేటాబేస్ నడుపుతున్నారు. వోర్మ్స్ రాళ్ళ ఫోటోలు, హీబ్రూ పాఠం, జర్మన్ అనువాదం అందులో ఉచితంగా చూడొచ్చు. ఫోన్‌లో తెరిచి, జర్మన్ అనువాదాన్ని ట్రాన్స్‌లేటర్‌లో వేసుకుంటే పని జరిగిపోతుంది. కొన్ని రాళ్ళ మీద అక్షరాలు ఇప్పుడు కంటికి ఆనవు. అలాంటివాటికి డేటాబేస్‌లోని పాఠమే దిక్కు. కాబట్టి వెళ్ళేముందు ఇంట్లోనే నాలుగైదు శాసనాలు చదువుకుని వెళ్ళండి.